పక్షులకు నీరు పెట్టుట, పటములకు రుసుము పుచ్చుకొనుట

వేసవి ముదిరినకొలది మన గ్రామములలో కుంటలు ఎండును, కాలువలు కట్టివేయబడును. పశువులకు తొట్టి కలదు, బాటసారులకు చలివేంద్రము కలదు, పిట్టలకు ఏమున్నది? ఈ ప్రశ్న దయాళువులకు మాత్రమే సంబంధించినదని మన సభ్యులలో పెక్కుమంది తలంచుచున్నారు. ఇది సేద్యమునకును, రాబడికిని, సంఘ మర్యాదకును గూడ సంబంధించిన ప్రశ్న యని మా యభిప్రాయము.

పక్షుల ఫొటోలు తీయువారు నేడు మన దేశమున మిక్కిలి పెరిగియున్నారు. వారిలో పలువురు పిట్టను వెంటాడరు. చిన్న పళ్లెములో నీరు పోయించి, దానికెదురుగా పచ్చని గుడ్డతోనో ఆకులతోనో కట్టిన మరుగున గంటలకొలది కదలక కూర్చుందురు. దప్పిగొన్న పక్షి తానై వచ్చును. కేరళమున 1983లో ఏర్పడిన తట్టెక్కాడు పక్షి సంరక్షణ కేంద్రము చుట్టుపట్లను, ఉత్తరాఖండమున సత్తాల్ యొద్దను, ఇట్టి మరుగులు కట్టి వచ్చినవారియొద్ద రుసుము పుచ్చుకొనుట ఒక జీవనోపాధియైనది. మంచె యెక్కి వడిసెలతో పిట్టలను తోలిన రైతు, పిట్టలను చూపి రుసుము గైకొను కాలము వచ్చినది.

మన గ్రామములలో దీనిని చేయవచ్చునా? నీరు పెట్టుట తప్పక చేయదగిన పని. దానివెంట రాబడి వచ్చిన రానిండు. కాని రాబడికొరకే నీరు పెట్టుట కీడునకు దారితీయును. మే మిట్లు చెప్పుటకు కారణములు గలవు.

పక్షికి చెమట పట్టదు. ఎండవేళ నోరు తెఱచి రొప్పుట దాని యొడలి వేడిని తగ్గించుకొను ముఖ్యోపాయము. ఆ రొప్పుటలో దేహమందలి నీరు ఆవిరియై పోవును. పురుగులను తిను పక్షికి ఆహారమునుండి కొంత నీరు చేకూరును. ఎండు గింజలు తిను గువ్వలకును పిచ్చుకలకును ఆ యదృష్టము లేదు. అవి నీటిని వెదకి పోవలసినదే. గువ్వ ముక్కు ముంచి పశువువలె నీటిని పీల్చును. తక్కిన పిట్టలలో చాలవఱకు నీటిని నోట పట్టి తల పైకెత్తి మ్రింగును. పళ్లెము చెంత కొంతసేపు నిలిచి చూచిన యెవరికైనను ఈ భేదము తెలియును.

గింజలు తిను పిట్టను పిలిచి నీరు పోయుట పామునకు పాలు పోయుట కాదా యని కొందఱు రైతులు మమ్ము అడుగుచుందురు. సహేతుకమైన ప్రశ్నయే. కంకి పాలు పోసుకొను వేళ చేని ప్రక్కను నీరు పెట్టుమని మేము చెప్పము. కోతలు ముగిసి చేలు బీడుపడియున్న ఎండకాలమందు, ఊరి తోపులోనో, కల్లము ప్రక్కనో, బావి గట్టుననో పెట్టుమని చెప్పుచున్నాము. గింజలు తిను పిచ్చుకయు తన పిల్లలకు ఎక్కువగా పురుగులనే తెచ్చి పెట్టును. పసులపోలిగాడు, గోరింక, కొంగ పురుగులను తినుట మీరెఱిగినదే. శనగ, కంది చేలలో కాయతొలుచు పురుగు నణచుటకు పిట్టలు వ్రాలు కొయ్యలు నాటుమని వ్యవసాయశాఖవారు చెప్పుట ఇందులకే. కొయ్య నాటి పిట్టను పిలిచెడు రైతు ఎండకాలమున దానికి దోసెడు నీరు పోయనొల్లకుండుట న్యాయము కాదు.

నీరు పెట్టు విధము సులభము. వెడల్పైన మట్టి పళ్లెము చాలును. లోతు 1 లేక 2 అంగుళములు మించరాదు. అడుగు గరుకుగా నుండవలయును. నడుమ ఒక ఱాయి నుంచిన చిన్న పిట్ట నిలువగలదు. నీడను పెట్టవలెను గాని పొదను ఆనించి పెట్టరాదు. పొదలో పిల్లి పొంచియుండును. పైని సన్నని రంధ్రము గల కుండను వ్రేలగట్టి చుక్కచుక్కగా నీరు పడునట్లు చేసినచో, ఆ సవ్వడికే పిట్టలు చేరును. రెండు దినముల కొకసారి పళ్లెము కడిగి నీరు మార్చవలయును. లేకున్న దోమ పిల్లలు పెరుగును, పిట్టలకు రోగములు అంటును.

ఇక కీడును గూర్చి చెప్పవలసియున్నది. నీటియొద్ద పిట్ట చేరునని ఫొటో తీయువానికంటె ముందుగా ఎఱిగినవాడు వలవాడు. పళ్లెము పెట్టి కావలి లేకున్న మనము వానికి కూలి లేని పని చేసినట్లగును. అడవి పక్షులను పట్టుట, అమ్ముట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. పురుగుమందు పిచికారీ యంత్రము కడిగిన నీటిని గుంటలో పాఱబోయుట మఱియొక కీడు. ఒకచోట నీరు పెట్టి వేఱొకచోట విషము పెట్టుట యగును. ఫొటోలవారిలోను అత్యాశ గలవారు లేకపోలేదు. ఫోనులో పక్షి కూతను మ్రోగింతురు; తన హద్దులోనికి శత్రువు వచ్చెనని భ్రమించి పక్షి గూడు విడిచి పోరాటమునకు వచ్చును. గూటిచుట్టు ఆకులు త్రుంచి పటము తీయుదురు. పిల్లలు ఎండకును కాకులకును బలియగును. రుసుమిచ్చినవాడు అడుగగా, పుచ్చుకొన్నవాడు కాదనలేడు. రాబడికొరకే మొదలిడిన పనిలో గల ప్రమాద మిదియే. జనము రాని వారము నీరును పోయబడదు. అలవాటుపడిన పిట్ట వట్టి పళ్లెము చూచి పోవును.

కావున ఈ పని ఇంటింటి పోటీగా గాక సంఘము పక్షమున జరుగవలయును. నీరు పోయు వంతులు సభ్యులు పంచుకొనవలెను. వానలు పడువఱకు ఒక్క దినమైనను మానరాదు. మరుగు ఒక్కటియే యుండవలెను. కూత మ్రోగింపరాదు, గూటి చెంతకు పోరాదు, మేత చల్లరాదు అను మూడు నిబంధనలకు ఒప్పుకొనినవారినే రానీయవలెను. రుసుము సంఘపు లెక్కలలో జమకట్టి, భూమి యజమానికి కొంత యిచ్చి, మిగిలినది కుంట పూడిక తీయుటకు వినియోగింపవలెను. కుంట నిండిన పిట్టకును పశువునకును పైరునకును మేలగును.

గుంటూరు చేరువ ఉప్పలపాడు చెరువులలోని చెట్లమీద గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును గూళ్లు కట్టుచున్నవి. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురమున ఇండ్ల నడుమ చింతచెట్లపైనే ఆ కొంగలు పిల్లలను పెంచుచున్నవి. ఆ యూళ్లకు ముందు వచ్చినవి పక్షులు. చూచువారు పిదప వచ్చిరి. గ్రామస్థులు వానిని కాచిరి గనుకనే చూచుటకు ఏదైనను మిగిలినది. ఈ క్రమము తలక్రిందులు కారాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. తీర్మానము కావలసినది రుసుమునకే గాని నీటికి గాదు. మట్టి పళ్లెమును ఎవరైనను రేపు ఉదయముననే పెట్టవచ్చును.