సంతకం కొడుకుది.. శరీరం పెద్దాయనది!
వృద్ధ రోగుల సమ్మతికి దక్కని విలువ

నంద్యాల, ఆళ్లగడ్డ: తుంటి ఎముక విరిగో, చూపు మందగించో ఆళ్లగడ్డ, చాగలమర్రి, రుద్రవరం మండలాల వృద్ధులు నంద్యాల ఆసుపత్రులకు వస్తుంటారు. వైద్యుడు మాట్లాడేది కొడుకుతో. సమ్మతి పత్రంపై సంతకం అల్లుడిదో, కోడలిదో. మంచంపై ఉన్న మనిషిని అడిగేవారు అరుదు. వయసు మీరితే నిర్ణయాధికారం పోతుందా?

పోదనే చట్టం చెబుతోంది. రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆగవలసిందేనని సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. కోలుకోలేని దశలో ప్రాణాధార చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునంది.

నర్సులే కీలకం
ఖర్చు భరించేది కుటుంబమే కనుక నిర్ణయమూ తమదేనని బంధువుల భావన. నిజం తెలిస్తే పెద్దలు కుంగిపోతారన్న భయమూ ఉంది. మతిమరుపు ముదిరినప్పుడు ఇతరులు నిర్ణయించక తప్పదు. అప్పుడైనా ప్రమాణం కావలసింది రోగి ఇష్టమే. రేయింబవళ్లు దగ్గరుండే నర్సులు కళ్లద్దాలు, వినికిడి యంత్రం అందించి, పత్రాన్ని తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. స్నానం, భోజనం, మూత్రగొట్టం వంటి విషయాల్లోనూ ముందుగా అడగడమే మర్యాద.

వృద్ధులకు ఆసుపత్రుల్లో పడకలు, ప్రత్యేక వరుసలు ఉండాలని 2007 నాటి చట్టం నిర్దేశించింది. వరుస ఒక్కటే చాలదు, వారి మాటకూ చోటుండాలి.