పతకం వచ్చాక వంగే నిబంధన.. ముందే వంగదేం?

హైదరాబాద్: అమీర్‌పేట అనగానే జిల్లాల వారికి గుర్తొచ్చేవి మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాలు, వాటిని నమ్ముకుని వెలసిన హాస్టళ్లు. అక్కడి నుంచి పంజాగుట్ట వరకు ఏ సందులోకి తొంగిచూసినా కోర్సుల బోర్డులే తప్ప ఆటస్థలం కనిపించడం అరుదు. పక్కనే బేగంపేటలో వందెకరాలకు మించిన ఆవరణతో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల చదువుకున్నదీ, క్రికెట్ ఆడిందీ అక్కడే. ఆ ప్రహరీకి ఇవతల, అపార్టుమెంట్లలో నడిచే జూనియర్ కళాశాలల్లో చేరిన పిల్లల్లో చాలామందికి పదో తరగతితోనే ఆట ముగిసిపోతోంది. జిల్లాస్థాయిలో పతకాలు తెచ్చినవారూ ఇందుకు మినహాయింపు కాదు.

ఉపకార వేతనాలు లేవా అంటే ఉన్నాయి. ‘ఖేలో ఇండియా’ పథకం కింద ఎంపికైన క్రీడాకారులకు కేంద్రం ఏడాదికి రూ.6.28 లక్షల సాయం నిర్ణయించింది. ఇందులో నెలకు రూ.10 వేల చొప్పున రూ.1.20 లక్షలు చేతి ఖర్చులకు, మిగిలినది శిక్షణ, ఆహారం, పరికరాలు తదితరాలకు. ఒలింపిక్స్ లక్ష్యంగా 2014లో మొదలైన ‘టాప్స్’ పథకంలో అగ్రశ్రేణి వారికి నెలకు రూ.50 వేలు, వర్ధమాన క్రీడాకారులకు రూ.25 వేలు అందేలా ఏర్పాటు చేశారు. రాష్ట్రంలో హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలు ఉచిత వసతితో చదువూ ఆటా నేర్పుతున్నాయి. అయితే వాటిలో ప్రవేశం నాలుగో తరగతిలోనే. ఆ వయసు దాటాక వికసించే ప్రతిభకు దారి ఇరుకు.

అసలు చిక్కు డబ్బు దగ్గర కంటే ఇంటర్మీడియట్ రెండేళ్ల దగ్గర ఉంది. వేకువజామున సాధన, ఆపై రాత్రి వరకు తరగతులు, వారం వారం పరీక్షలు. పోటీలకు వెళ్లి పది రోజుల తర్వాత తిరిగొచ్చిన విద్యార్థికి ఆ పాఠాలు మళ్లీ చెప్పేదెవరు? జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనే వారికి సీబీఎస్‌ఈ 2018 నుంచి బోర్డు పరీక్షలు మరో తేదీన రాసుకునే అవకాశం కల్పిస్తోంది. కానీ రోజువారీ హాజరు, కళాశాల సొంతంగా పెట్టే పరీక్షల విషయంలో వెసులుబాటు దాదాపుగా యాజమాన్యం దయ మీదే ఆధారపడి ఉంటుంది.

పుల్లెల గోపీచంద్ కథ ఇక్కడ గుర్తు చేసుకోదగింది. అన్నదమ్ములిద్దరూ ఆటగాళ్లే. అన్న ఐఐటీ పరీక్ష నెగ్గి ఆట మానేశారు. తమ్ముడు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పి ఆటలో మిగిలి, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. అంటే దేశానికి ఒక చాంపియన్ దక్కింది పరీక్ష తప్పినందుకన్న మాట! అదే గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో, సంపన్న కుటుంబమో సొంత వ్యాపారమో లేనివారు పిల్లలను క్రీడల్లోకి పంపవద్దని, ఆటనే నమ్ముకున్న వారిలో జీవనోపాధి పొందేది ఒక్క శాతం లోపేనని హెచ్చరించడం పలువురిని కలవరపరిచింది. అకాడమీ నడిపే వ్యక్తే ఆ మాట అన్నాక తల్లిదండ్రులను తప్పుపట్టగలమా?

రెండు పడవల మీద ప్రయాణించి గట్టెక్కినవారు లేకపోలేదు. పీవీ సింధు మెహిదీపట్నం సెయింట్ ఆన్స్‌లో చదివారు. అమీర్‌పేటకు చేరువలోని యూసుఫ్‌గూడ సెయింట్ మేరీస్ కళాశాలలో సానియా మీర్జా డిగ్రీ చేశారు. అయితే సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆట విలువ, దాని ఖర్చు తెలిసిన ఇల్లది. పొలం పనుల మీద బతికే ఇంటికి ఆ ధీమా ఎక్కడిది?

వెసులుబాటు ఎప్పుడు?

2024లో రాష్ట్ర ప్రభుత్వం బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. ఇంటర్ చదివిన సిరాజ్ కోసం విద్యార్హత నిబంధననే సడలించారు. సంతోషమే. ప్రపంచస్థాయికి ఎదిగాక నిబంధన వంగింది. ఎదగడానికి ముందు, పదిహేడేళ్ల కబడ్డీ క్రీడాకారిణి కోసం హాజరు పట్టీ మాత్రం వంగదు.

గాయాల సంగతి మరీ దారుణం. ఖేలో ఇండియా జాబితాను ప్రతిభ ఆధారంగా ఎప్పటికప్పుడు సమీక్షించి, వెనుకబడిన వారిని తొలగిస్తారు. మోకాలు దెబ్బతిన్న పిల్లకు ఆసరా అత్యవసరమైన ఏడాదే పేరు పోయే ప్రమాదం ఉంది. అమెరికాలో అయిదు ప్రధాన క్రీడా కాన్ఫరెన్సుల విశ్వవిద్యాలయాలు, ఆట తగ్గిందన్న కారణంతో విద్యార్థి ఉపకార వేతనం రద్దు చేయరాదని 2015లో తీర్మానించుకున్నాయి. చదువులో కనీస ప్రమాణం నిలుపుకోవాలన్న షరతు మాత్రం అక్కడ ఉంది. మన పథకాలకు ఈ రెండూ కావాలి.

క్రీడా ప్రతిభ చూసి ఫీజు రాయితీ ఇస్తామంటూ కళాశాలలు ముందుకొస్తే తల్లిదండ్రులు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగడం మేలు. రాయితీ రెండో ఏడాదికీ వర్తిస్తుందా? గాయమైతే కొనసాగుతుందా? పోటీలకు వెళ్లిన రోజులను హాజరుగా లెక్కిస్తారా?