ఎవరి సాయంకాలము?

1986 జూన్ 29వ తేదీన మెక్సికో నగరమందలి అజ్టెకా క్రీడాంగణమున అర్జెంటీనా, పశ్చిమ జర్మనీ జట్లు ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు ఫైనలులో తలపడినపుడు అచ్చట సరిగా మిట్టమధ్యాహ్నము. సముద్రమట్టమునకు సుమారు 2,200 మీటర్ల ఎత్తున, ప్రాణవాయువు పలుచనైన గాలిలో, సూర్యుడు నడినెత్తిన మండుచుండగా తొంబది నిమిషములు పరుగిడుమని ఏ వైద్యుడును సలహా ఇచ్చి యుండడు. నిర్వాహకులకు ఈ సంగతి తెలియక కాదు. మారడోనా మొదలగు ఆటగాండ్రు ఆ వేళను గూర్చి బహిరంగముగనే అభ్యంతరము తెలిపిరి. ఐనను వేళ మారలేదు. ఏలయన, మెక్సికోలో పండ్రెండు గంటలు కొట్టునపుడు జర్మనీలో రాత్రి ఎనిమిది. ఐరోపావాసి పనిపాటలు ముగించి, ఆలుబిడ్డలతో టెలివిజను ముందు తీరికగా చేరబడు సమయమది. మనకో, పదకొండున్నర. ఆ రాత్రి దూరదర్శన్ ప్రత్యక్షముగా చూపిన ఆటకై తెలుగునాట మేలుకొని కూర్చున్నవాడును, మైదానమున ఎండకు సొమ్మసిల్లుచు పరుగెత్తినవాడును ఒకరి నొకరు ఎరుగకున్నను, ఒకే నిర్ణయమునకు బద్ధులై యుండిరి.

దూరదేశపు ఆటను మనము అపరాత్రివేళ చూడవలసి వచ్చుటకు భూగోళమే కారణమని సాధారణముగా భావింతుము. భూమి గుండ్రనిది, మన ప్రామాణిక కాలమును నిర్ణయించు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ దాపున సాగుచున్నది, అమెరికా ఖండము దానికి రమారమి ఆవలి వైపున నున్నది. కనుక వారి పగలు మనకు రాత్రి యగుట సహజము. ఇది సత్యమే కాని, సత్యములో సగము మాత్రమే. 1994లో లాస్ ఏంజెలెస్ పొరుగున పాసడీనాలో జరిగిన ఫైనలు అచ్చటి కాలమానమున పగలు పండ్రెండున్నరకు మొదలైనది. 2014లో రియో నగరమున సాయంకాలము నాలుగింటికి. 2026 ఫైనలును న్యూజెర్సీలో జూలై 19వ తేదీ మధ్యాహ్నము మూడింటికి నిర్ణయించిరి. స్థానిక గడియారములు మూడును మూడు విధములుగా పలికినను, పారిస్, రోమ్ నగరములలో అది తొమ్మిదికో తొమ్మిదిన్నరకో తప్ప పడదు. సూర్యుని చలనమునకు ఇంతటి పక్షపాతము లేదు. ప్రసారహక్కులకు అధికమూల్యము చెల్లించు దేశముల సాయంకాలమే లోకమున కంతకును గడియారమైనది. ఆ న్యూజెర్సీలోనే తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. అచ్చటి కొడుకు ఆదివారపు భోజనానంతరము చూడగల ఆటను, గుంటూరులోని తండ్రి సోమవారము తెల్లవారి బ్యాంకుకో బడికో పోవలసినవాడై యుండి అర్ధరాత్రి పండ్రెండున్నరకు మొదలుపెట్టవలెను.

మరునాడు తాపీగా చూచెదమన్నచో ఆ తండ్రికి నేడు వీలులేదు. వెనుకటి దినములలో జిల్లాలకు ముందుగా అచ్చై వెడలు పత్రికాప్రతులలో రాత్రి ఆట ఫలితము పట్టెడిది కాదు కనుక ఉత్కంఠ మరికొంతసేపు నిలిచెడిది. ఇప్పుడు పాలపాకెట్టుకై తలుపు తీయుటకు మునుపే చేతిలోని సెల్‌ఫోను సర్వము చెప్పివేయును. కావున చూడదలచినవాడు మేలుకొనక తప్పదు. ఇంట ఒక్కడు మేలుకొని తక్కినవారు నిద్రించునపుడు టెలివిజను గొంతు గుసగుసకు దిగును. గోలు పడినపుడు కంఠమువరకు వచ్చిన కేక దిండులో అణగిపోవును. 2014 సెమీఫైనలులో జర్మనీ బ్రెజిలును 7–1 గోలులతో చిత్తుచేసినది మన గడియారమున రాత్రి ఒంటిగంటన్నరకు మొదలైన ఆటలోనే. 23వ నిమిషమునకును 29వ నిమిషమునకును నడుమ నాలుగు గోలులు పడగా, టీ కాచుకొనుటకు లేచిపోయినవాడు తిరిగివచ్చి, ఇవి వేర్వేరు గోలులా, ఒకదానినే మరల మరల చూపుచున్నారా యని కన్నులు నులిమికొనవలసినంత త్వరగా పడినవి. ఈ నిశాజాగరణమునకు ఇటీవల మరియొక చిత్రము తోడైనది. కేబులు ద్వారా వచ్చు దృశ్యమునకును, ఇంటర్నెట్టు ద్వారా వచ్చు దృశ్యమునకును కొన్ని క్షణముల అంతరముండుటచే, మన తెరపై ఆటగాడు పెనాల్టీకై బంతిని ఇంకను చుక్కపై సవరించుకొనుచుండగనే ఎదురింటి మేడమీది కుర్రవాడు ‘గోల్’ అని అరచును; ఫలితము విన్న పిమ్మట మనము ఆ పరుగును, ఆ తన్నును చూతుము. ఒక్క ఊరిలో, ఒక్క వీధిలో కూడ కాలము అందరికిని సమముగా లేదన్నమాట.

ఫుట్‌బాల్ మనకు ఎల్లప్పుడును నిశాచరుల క్రీడ కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్న హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను, సికిందరాబాదువాడైన తులసీదాస్ బలరామ్‌ను చూచిన తరమునకు అది ఎండ చల్లబడిన వెనుక ఊరి మైదానమున జరుగు ఆట. రహీమ్ శిక్షణలో మన దేశము 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది. సొంత ఆటకు కరవైనవాడే పరుల సాయంకాలముపై ఆధారపడునని నా అభిప్రాయము. దీనిని విస్తరించిన వేరొక వ్యాసమగును.

వేళలు మార్చరానివి, ఏర్పాట్లు అనేకములు ముడివడి యున్నవి అని నిర్వాహకులు చెప్పు సమాధానము 2022తో బలము కోల్పోయినది. ఖతార్ వేసవికి వెరచి, జూన్, జూలై మాసములలో జరుగవలసిన మహోత్సవమును నవంబరు, డిసెంబరులకే తరలించిరి. ఐరోపా లీగులు సణిగినను నడి సీజనులో విరామమిచ్చినవి. దోహాలో సాయంకాలము ఆరింటికి ఆరంభమైన ఫైనలు మనకు ఎనిమిదిన్నరకు, భోజనవేళకు వచ్చినది. పంచాంగమునే ఐదు నెలలు జరిపినవారు గడియారమును రెండు గంటలు జరుపజాలమనుట నమ్మశక్యము కాదు.

ఇంతవరకు మనము ఫిర్యాదీ స్థానమున నుంటిమి. క్రికెట్టులో మాత్రము ఐరోపావాని కుర్చీలో మనమే కూర్చుంటిమి. 2024 టీ–20 ప్రపంచకప్పులో బార్బడోసు ద్వీపమున జరిగిన ఫైనలును అచ్చట ఉదయము పదిన్నరకు ప్రారంభించిరి. మనకు సరిగా రాత్రి ఎనిమిది. భారత జట్టు సెమీఫైనలు చేరినచో దాని ఆట గయానాలోనే, ఆ ఉదయపు వేళకే జరుగునని పోటీ ఆరంభమునకు ముందే నిశ్చయమైనది. తక్కిన సెమీఫైనలు ట్రినిడాడులో రాత్రి ఎనిమిదిన్నరకు జరిగినది. ప్రపంచకప్పు సెమీఫైనలులో తొలిసారి అడుగిడిన అఫ్గాన్ జట్టు 56 పరుగులకే కుప్పకూలుటను చూచుటకు కాబూలు వాసులు తెల్లవారి ఐదింటికి లేవవలసి వచ్చినది. గెలిచిన దక్షిణాఫ్రికావారికి అది రాత్రి రెండున్నర. ఈ వేళలను గూర్చి మన పత్రికలలో ఒక్క పంక్తి నిరసనయైనను నా కంటబడలేదు. అర్ధరాత్రి ఫుట్‌బాలును గూర్చి వ్యంగ్యవ్యాసములు వ్రాయు మనము, ఇతరుల అర్ధరాత్రి మన సౌకర్యమునకై ఏర్పడినదని తెలిసినపుడు దానిని సూర్యుని లెక్కలోనికి నెట్టివేసితిమి.

ధనమే వేళను నిర్ణయింపరాదని వాదించుట నా ఉద్దేశము కాదు. ధనము లేనిదే ఈ ప్రసారములును లేవు. అయితే దాని అధికారమునకు మొదటి హద్దు మైదానమున ఎండలో నిలుచువాని శరీరము కావలెను. ఆ వరుసలో చూచువాని నిద్ర రెండవది. ఎవరు సెమీఫైనలు చేరుదురో ముందుగా తెలియదు గనుక వారివారి దేశముల వేళలను పాటించుట అసాధ్యమను వాదమును గయానా ఏర్పాటే పూర్వపక్షము చేసినది. ‘భారతము చేరినచో’ అను షరతును ముందుగానే వ్రాసికొనగలిగినవారు ‘అఫ్గానిస్తాను చేరినచో’ అని ఇంకొక పంక్తి వ్రాసికొనలేకపోలేదు.