అడ్రసుని కోడ్‌లో పాతిపెట్టకండి

భిలాయ్ పవర్ హౌస్ చౌరస్తా నుంచి నందినీ రోడ్డు పట్టుకుని ఛావనీ వైపు వెళ్తే స్టీలు ప్లాంటును నమ్ముకుని బతికే వర్క్‌షాపులు చాలానే కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ లేతులు, వెల్డింగ్ మెషిన్లు తప్ప మరో మాట ఉండేది కాదు. ఇప్పుడు కాటా మీద బరువు చదివి ఆఫీసుకి పంపడానికి ఒక బోర్డు, ఫర్నేసు టెంపరేచర్ నిమిషనిమిషానికీ రాసుకోవడానికి ఒకటి, కరెంటు మీటరు లెక్క సర్వర్‌కి చేరవెయ్యడానికి మరొకటి. వీటికి కోడ్ రాసేవాళ్లలో ఖుర్సీపార్ నుంచి, క్యాంపుల నుంచి వచ్చే మన తెలుగు పిల్లలూ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్ల మనవలు. పని మీద శ్రద్ధ ఉంది, చేతిలో విద్య ఉంది. వాళ్లకి సీనియర్లు మొదటిరోజే నేర్పే పాఠం మీదే నా పోట్లాట.

ఆ పాఠం ఇది: "ఫ్యాక్టరీ బోర్డుకి ఐపీ అడ్రస్ కోడ్‌లోనే రాసెయ్. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్ జోలికి పోకు. మారనిదే భద్రం."

దీని వెనకున్న భయం నిజమైనదే. కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డు రెండు సెకన్లలో లేస్తుంది, స్విచ్ లేవడానికి నిమిషం పడుతుంది, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ అంతకన్నా ఆలస్యం. అడిగితే ఇచ్చే నాథుడు లేక బోర్డు అడ్రస్ లేకుండా నిలబడిపోతుంది. కంట్రోల్ రూములో ఆ మెషిన్ చచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో ఫోను మోగుతుంది. మెషిన్‌ని నడిపే పీఎల్‌సీ అడ్రస్ రోజుకొకటి కాకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ "అడ్రస్ మారకూడదు" అన్నచోట మొదలైన మాట "అడ్రస్‌ని ప్రోగ్రాములో కలిపి కంపైల్ చెయ్యాలి" అన్నచోటికి ఎలా చేరింది? మొదటిది ప్లాంటు అవసరం. రెండోది ప్రోగ్రామరు తన సౌకర్యం కోసం చేసుకున్నది. ఈ రెండింటినీ ఒకటిగా చూపించడంలోనే అసలు తప్పుంది.

భిలాయ్ టౌన్‌షిప్‌లో పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సెక్టరు, స్ట్రీటు, క్వార్టర్ నంబరు అన్నీ ఉద్యోగంతో వచ్చినవి. రిటైరైన మనిషి తాళంచెవి అప్పజెప్పి వెళ్తే అదే నంబరులోకి ఇంకొకరు దిగుతారు. ఐపీ అడ్రసుదీ అదే తీరు. అది బోర్డుది కాదు, బోర్డు కూర్చున్న నెట్‌వర్క్‌ది. ఆ నెట్‌వర్క్‌ని నడిపే మనిషి ఇవ్వాల్సినదాన్ని, ఎక్కడో బల్ల దగ్గర కోడ్ రాసే మనిషి ముందే నిర్ణయించేస్తున్నాడు. బోర్డు ఏ షెడ్డులో దిగుతుందో, అక్కడ ఆ నంబరు ఎవరి దగ్గరుందో అతనికి తెలియదు.

ఇది ఎంత దూరం పోతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2003 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో టైము చెప్పే సర్వర్ మీదికి ఉన్నట్టుండి ప్యాకెట్ల వరద వచ్చిపడింది. ఎవరో దాడి చేస్తున్నారనుకున్నారు. డేవ్ ప్లాంకా అనే నెట్‌వర్క్ ఇంజినీరు తవ్వి చూస్తే అది దాడి కాదు. నెట్‌గేర్ కంపెనీ ఇళ్లకు అమ్మిన చవక రౌటర్ల ఫర్మ్‌వేర్‌లో ఆ విశ్వవిద్యాలయపు సర్వర్ అడ్రస్‌ని అంకెలతో సహా రాసేశారు. అలాంటి రౌటర్లు 7 లక్షలకు పైగా తయారయ్యాయి. అంతకంటే ఘోరం మరొకటి ఉంది. జవాబు రాకపోతే అవి సెకనుకోసారి మళ్లీ అడుగుతాయి. వరద తట్టుకోలేక విశ్వవిద్యాలయం వాటిని అడ్డుకునేసరికి జవాబు ఆగింది. జవాబు ఆగేసరికి అడిగేవి ఇంకా పెరిగాయి. జూన్ నాటికి సెకనుకు రెండున్నర లక్షల ప్యాకెట్లు. కంపెనీ ఫర్మ్‌వేర్ సరిచేసింది. కానీ ఇంట్లో మూలన పెట్టిన రౌటర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేదెవరు? కోడ్ రాసిన మనిషికి అది ఒక్క లైను. మోసింది మాత్రం ఆ లైను గురించి ఎన్నడూ వినని ఒక విశ్వవిద్యాలయం.

ప్లాంకా ఈ అనుభవాన్నంతా 2005 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 4085 అనే పత్రంగా రాశాడు. ఇంటర్నెట్‌లో అందరికీ అందే అడ్రసుల్ని పరికరాల్లో పాతిపెట్టడం హానికరమని దాని శీర్షికే చెబుతుంది. చిన్న పత్రం, ఒక పూటలో చదవొచ్చు. బోర్డు తయారుచేసే ప్రతి చోటా గోడకి అంటించదగ్గది. ఇరవై ఏళ్లు దాటినా మన దగ్గర దాని పేరు విన్నవాళ్లు తక్కువ. ఫలితం కళ్లముందే ఉంది. 4జీ మోడెం పెట్టి మీటరు లెక్కలు పంపే బోర్డుల్లో సర్వర్ పేరు బదులు సర్వర్ ఐపీ రాసి అమ్ముతున్నారు. ఆ సర్వర్‌ని అద్దెకు తీసుకున్నచోట రేటు పెరిగి మరోచోటికి మార్చిన రోజున, ఊళ్లలో, పొలాల్లో, పంపు షెడ్లలో ఉన్న బోర్డులన్నీ పాత అడ్రసుకే మాట్లాడుతూ ఉండిపోతాయి. ఆ అడ్రస్ అప్పటికి ఇంకెవరికో వెళ్లిపోతుంది. మీ కస్టమరు లెక్కలు ముక్కూముఖం తెలియని మనిషి గుమ్మంలో పడుతుంటాయి.

"అవి ఇంటర్నెట్ గొడవలు, మావి లోపలి 192.168 అడ్రసులు, బయటికి పోవు కదా" అని జవాబిస్తారు. సరే, లోపలికే వెళ్దాం.

పవర్ హౌస్ దగ్గరే ఒక యూనిట్‌లో జరిగినది చెప్తాను, పేరు అనవసరం. టెంపరేచర్ రాసుకునే బోర్డులు రెండు కొన్నారు. ఒకటి పెడితే బంగారంలా పనిచేస్తుంది. రెండోది తగిలిస్తే రెండూ తడబడతాయి. కేబుళ్లు మార్చారు, స్విచ్ మార్చారు, ఎర్తింగ్ మీద అనుమానపడ్డారు. నన్ను పిలిస్తే వెళ్లి ల్యాప్‌టాప్‌లో, ఏ ఐపీ ఏ మ్యాక్ అడ్రసుదో చూపించే ఏఆర్‌పీ పట్టిక తెరిచాను. చివర 21 ఉన్న ఐపీ, చివర 22 ఉన్న ఐపీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండింటి పక్కనా ఒకటే మ్యాక్ అడ్రస్: డీఈ-ఏడీ-బీఈ-ఈఎఫ్-ఎఫ్ఈ-ఈడీ. ఆర్డుయినో ఈథర్నెట్ లైబ్రరీతో వచ్చే ఉదాహరణ ప్రోగ్రాముల్లో ఉండే అడ్రస్ అది. ఆ బోర్డులో వాడిన డబ్ల్యూ5500 చిప్‌కి సొంత మ్యాక్ ఉండదు, ప్రోగ్రామే ఇవ్వాలి. రాసినవాళ్లు ఉదాహరణలో ఉన్నదాన్ని అలాగే ఉంచేసి, ఐపీ మాత్రం మార్చి, రెండు బోర్డులకీ ఎక్కించారు. స్విచ్ పాపం ఏం చేస్తుంది? మాట్లాడిన బోర్డు ఏ పోర్టులో ఉందో రాసుకుంటుంది, మరుక్షణం రెండోది మాట్లాడితే కొట్టేసి మళ్లీ రాసుకుంటుంది. ఒకరికి వెళ్లాల్సిన ప్యాకెట్ ఇంకొకరికి పోతుంది. ఏ బోర్డూ పాడవలేదు, ఏ తీగా తెగలేదు. పాఠాన్ని తు.చ. తప్పకుండా పాటించిన ఫలితం అది.

"అడ్రసంటే నాలుగు అంకెలే కదా" అనే తేలికభావం కూడా ఆ పాఠంలోంచి పుట్టిందే. కోడ్‌లో ఒక్కసారి రాసి వదిలేస్తే ఆ నాలుగు అంకెల్ని చదవడం, సరిచూడటం, దాచడం నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. అవసరం వచ్చిన రోజున దెబ్బ తింటారు. నెట్‌వర్క్ మీద పెద్ద బైటు ముందు నడుస్తుంది. మనం వాడే ఏఆర్ఎం మైక్రోకంట్రోలర్లు మామూలుగా చిన్న బైటుని ముందు దాచుకుంటాయి. ఈ తిరగేత మర్చిపోతే 192.168.1.10 కాస్తా 10.1.168.192 అవుతుంది. అది తప్పు అడ్రసులా కనిపిస్తే పట్టుకునేవాళ్లం. కానీ అది కూడా నికార్సయిన లోపలి అడ్రసే. కంపైలరు నోరెత్తదు, బోర్డు ఎర్రలైటు వెలిగించదు, ప్యాకెట్లు మాత్రం లేని ఊరికి బయల్దేరతాయి.

ఇంకొకటి చూడండి. ప్యానెల్ మీద అందంగా ఉంటుందని మనవాళ్లు 192.168.001.010 అని సున్నాలు చేర్చి స్టిక్కరు రాస్తారు. టెక్నీషియన్ దాన్ని చూసి అలాగే కొడతాడు. పాత ఐనెట్-ఏటాన్ పద్ధతిలో చదివే కోడ్, ఎంబెడెడ్ పనిలో ఎక్కువగా వాడే ఎల్‌డబ్ల్యూఐపీ సహా, ముందు సున్నా ఉంటే ఆ అంకెని ఎనిమిదుల లెక్కలో తీసుకుంటుంది. 010 అంటే దానికి 8. పదో నంబరు మెషిన్‌ని అడిగితే ఎనిమిదో నంబరు మెషిన్ పలుకుతుంది. ఆ ఎనిమిది దగ్గర మోటారు ఆపే రిలే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇది తెలిసిన ప్రోగ్రామరు ముందు సున్నాలుంటే అసలు ఒప్పుకోని కోడ్ రాస్తాడు. తెలియాలంటే అడ్రసుని బయటినుంచి తీసుకునే అలవాటు ఉండాలి.

ఇక "ఫ్యాక్టరీ పద్ధతి ఇదే" అన్న మాట. ఫ్యాక్టరీల కోసమే పుట్టిన ప్రొఫినెట్‌ని చూడండి. అందులో ప్రతి పరికరానికీ ఒక పేరు ఉంటుంది. ఆ పేరుని చూసి కంట్రోలరే ఐపీ ఇస్తుంది. ఒక పరికరం కాలిపోతే కొత్తదానికి అదే పేరు పెడితే చాలు, మెషిన్ నడుస్తుంది. అలెన్-బ్రాడ్లీ ఈథర్నెట్ మాడ్యూళ్లలో కొన్నింటికి చిన్న తిప్పుడు స్విచ్‌లు మూడుంటాయి. స్క్రూడ్రైవరుతో తిప్పితే ఐపీలో చివరి అంకె వస్తుంది. రెండుచోట్లా అడ్రస్ కదలదు, రెండుచోట్లా అది కోడ్‌లో లేదు. మనవాళ్లు భద్రం పేరుతో చేస్తున్నది పెద్ద కంపెనీల పద్ధతి కానే కాదు.

ఖర్చు మాటకొస్తాను, నందినీ రోడ్డులో చివరికి అందరూ అడిగేది అదే కాబట్టి. ఎస్‌టీఎం32ఎఫ్103 లాంటి మామూలు చిప్‌లో ఫ్లాష్ పేజీ కనీసం 1 కిలోబైటు. చివరి పేజీని ప్రోగ్రాము ముట్టకుండా వదిలేస్తే ఐపీ, మాస్కు, గేట్‌వే, సర్వర్ పేరు అన్నీ అందులో పడతాయి. పైసా ఖర్చు లేదు. ప్రతి చిప్‌లోనూ 96 బిట్ల సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్నుంచి మ్యాక్ తయారుచేసుకోవచ్చు. మొదటి బైటులో చివరి బిట్ సున్నా, దాని పక్క బిట్ ఒకటి ఉండేలా చూసుకోవాలి. అసలైన మ్యాకే కావాలంటే 24ఏఏ02ఈ48 అనే బుల్లి మెమరీ చిప్‌లో దాన్ని ముందే రాసి అమ్ముతున్నారు. అడ్రస్ పట్టుకునే ముందు "ఇది ఎవరి దగ్గరైనా ఉందా" అని నెట్‌వర్క్‌ని అడిగే పద్ధతి 2008 నుంచి ఆర్‌ఎఫ్‌సీ 5227లో ఉంది. కరెంటు వచ్చినప్పుడు డీహెచ్‌సీపీ పలకకపోతే కిందటిసారి పనిచేసిన అడ్రసునే, ఇలా అడిగి చూసి, పట్టుకోమని రాయొచ్చు. రాత్రి ఫోను భయం దాంతో చాలావరకు పోతుంది. ఇంకా భయముంటే చేత్తో పెట్టిన స్థిరమైన అడ్రసే వాడండి, నాకు అభ్యంతరం లేదు. పెట్టేది సైట్‌లో ఉన్న మనిషి కావాలి, అంతే.

బోర్డులు కొనే యూనిట్లవాళ్లు డబ్బిచ్చే ముందు ఒక పని చెయ్యండి. రెండు బోర్డులు తెప్పించి ఒకే స్విచ్‌కి తగిలించండి. ఒకదాని ఐపీ మార్చి చూపించమనండి, ప్రోగ్రామింగ్ కేబుల్ ముట్టకుండా. "అడ్రస్ మార్చాలంటే బోర్డు మా దగ్గరికి పంపండి" అన్న మాట వినిపిస్తే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చెయ్యండి.