ఓజేటీకి పంపే ముందు పిల్లల్ని సిద్ధం చేసిందెవరు?



పోస్టు కొంచెం పొడుగే ఉంటది. కానీ ఇంటర్ ఒకేషనల్ చదివే పిల్లలు మన గూడేల్లో ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. వాళ్ల గురించే కాబట్టి ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

పోయిన ఏడాది మా చిన్నాయన బిడ్డ సంగతి చెప్తా. ఎంపీహెచ్‌డబ్ల్యూ సెకండియర్. చదువులో చురుకు. మా పీహెచ్‌సీలో ఏఎన్ఎం అక్కల వెంట తిరిగి బీపీ చూడటం నేర్చుకుంది. ఊళ్లో ముసలోళ్లంతా దానితోనే చూపించుకునేవాళ్లు. ట్రైనింగ్ కోసం పట్నంల ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపిన్రు. మా ఏటూరునాగారం ఏజెన్సీ నుంచి దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. సోమవారం పోయింది. శుక్రవారం రాత్రి బ్యాగు పట్టుకొని ఇంటి ముందు నిలబడ్డది.

ఏమైందని అడిగితే మొదట ఏం చెప్పలేదు. రెండు రోజుల తర్వాత ఒక్కొక్కటి చెప్పింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మొదటి రోజు తెల్ల బూట్లు, ఆప్రాన్ లేవని వార్డులోకి రానియ్యలేదు. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్నది. రెండో రోజు బూట్లు కొనుక్కొని పోయింది. వార్డులో పేషెంట్లు సగం మంది హిందీలో మాట్లాడుతున్నరు. దీనికి ఇంట్లో కోయ, బడిలో తెలుగు, హిందీ పరీక్ష రాసేంత వరకే. సిస్టర్ ఏదో అడిగితే తల వంచుకొని నిలబడ్డది. "ఈ పిల్లకు ఏం రాదు" అని దుప్పట్లు మడత పెట్టే పనిలో వేసిన్రు. ఉండటానికి చూసుకున్న హాస్టల్‌లో అడ్వాన్స్ అడిగిన్రు. బూట్లకు, అడ్వాన్స్‌కు కలిపి చిన్నాయన ఇచ్చిన డబ్బులు అయిపోయినయి. కాలేజీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక బస్సు చార్జీలు కూడా మిగలవేమో అని భయపడి బస్సెక్కింది.

ఊళ్లో ఒకటే మాట, "మనోళ్లు బయట నిలబడరు". కాలేజీలో కూడా అదే మాట అన్నరట. ట్రైనింగ్ సగంలో వదిలేసిందని రికార్డు మీద సంతకం కాలేదు. బీపీ మిషన్ పట్టిన చేతులతో ఈ సీజన్ అంతా మిరపతోటలో కాయలు ఏరింది.

నేను ఒక్కటే అడుగుతున్న. ఆ పిల్ల నిలబడలేదా, మనం నిలబెట్టలేదా? లెక్క వేసి చూడండి. ఒక జత బూట్లు. ఒక నెల ఖర్చు. పది హిందీ మాటలు. ఎత్తే మనిషి ఉన్న ఒక ఫోన్ నంబరు. వీటిలో ఒక్కటి కూడా ఆ పిల్ల తెలివికి సంబంధించింది కాదు. రెండేళ్లు చదివించి, ఈ నాలుగు లేక ఐదు రోజుల్లో పోగొట్టుకున్నం.

"కష్టం పడితేనే నేర్చుకుంటరు, మేం పోలేదా" అనే అన్నలు ఉన్నరు. నేను కూడా పోయిన. ఎలక్ట్రికల్ టెక్నీషియన్ చదివిన. నాకు కూడా ఎవరూ ఏం చెప్పలేదు. అయినా నిలబడ్డ. ఎందుకంటే మా పక్క గూడెం అన్న అప్పటికే అక్కడ రూమ్ తీసుకొని ఉన్నడు. నెల రోజులు అద్దె అడగలేదు, బస్సు నంబర్లు చెప్పిండు, తిట్లు పడి వచ్చిన రాత్రి పక్కన కూర్చొని అన్నం తిన్నడు. అది నా గొప్పతనం కాదు, నాకు ఒక అన్న దొరికిండు అంతే. అన్న దొరకనోడు వెనక్కి వస్తడు. పిల్లల బతుకు అదృష్టం మీద పెట్టడం న్యాయమా?

ఇంకో రకం కూడా ఉంది, అది మన తప్పు. ఏదో షాపులో ఓనరును బతిమాలి సంతకం, స్టాంపు వేయించుకొని ఇంటికాడ ఉండటం. కాలేజీకి తెలుసు, మనకు తెలుసు. సర్టిఫికెట్ వస్తది. రేపు ఇంటర్వ్యూలో క్లాంప్ మీటర్ చేతిలో పెట్టి కరెంట్ ఎంత ఉందో చూడమంటే చెమటలు పడతయి. దొంగ సంతకం పెట్టించుకునేవాళ్లలో చాలామంది సోమరిపోతులు కాదు. పోయినోళ్లు ఎట్లా వచ్చిన్రో చూసి భయపడ్డవాళ్లు.

ఇది ఇప్పుడే ఎందుకు ముఖ్యం అంటే, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసిన తర్వాత ఏజెన్సీలో టీచర్ పోస్టు మనదే అనే ధీమా పోయింది. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి కోచింగ్‌లో కూర్చునే స్తోమత అందరికీ లేదు. చేతిలో పని ఉండటం మన పిల్లలకు ఒక గట్టి దారి. ఆ దారి మొదటి మలుపులోనే పిల్లలు పడిపోతున్నరు.

సిద్ధం చేయడం అంటే చివరి వారం ఒక మీటింగ్ పెట్టి "ధైర్యంగా ఉండాలి, మంచి పేరు తేవాలి" అని చెప్పి టీ తాగి పోవడం కాదు. నాకు తోచినవి చెప్తా.

మొదట కాగితాలు. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు బుక్కులో ఇంకో పేరు. మన దగ్గర ఇది ఇంటింటి కథ. కోయ పేరును రాసేవాడు తనకు తోచినట్టు రాసిండు. పనిలో చేరే రోజు ఇది బయటపడితే అక్కడ ఎవరూ ఆగరు. ఫస్టియర్‌లోనే అన్నీ పక్కపక్కన పెట్టి చూసి సరిచేయించాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో చూడాలి.

రెండోది డబ్బు. కాలేజీ ఓజేటీకి సాధారణంగా జీతం ఉండదు. రూమ్ అద్దె, తిండి, బస్సు అన్నీ ఇంటి నుంచే. అది ఎండకాలంలో పడితే ఇంకా కష్టం. అప్పుడే తునికాకు సీజన్. ఇంట్లో రెండు చేతులు తగ్గితే రోజుకు కట్టలు తగ్గుతయి, ఏడాదికి చేతికొచ్చే డబ్బు తగ్గుతది. అంటే ఆ ఇల్లు రెండు వైపులా నష్టపోతది. ఇది తెలియనోళ్లు "తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు" అంటరు. విలువ తెలుసు సార్, డబ్బులు లేవు. ఐటీడీఏ ఆ నెల రోజుల వసతి, తిండి చూసుకుంటే సగం మంది వెనక్కి రారు అని నా నమ్మకం. పట్నాల్లో గిరిజన సంక్షేమ హాస్టళ్లు ఉన్నయి కదా, సెలవుల్లో ఖాళీగా ఉండే గదులు ఈ పిల్లలకు ఇవ్వవచ్చు.

మూడోది ఆరోగ్యం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆసుపత్రికి, ల్యాబ్‌కు పోయే పిల్లలకు హెపటైటిస్ బి టీకా ఉండాలి. చిన్నప్పుడు పడిందో లేదో కార్డు చూడాలి. పడకపోతే మూడు డోసులు వేయించాలి. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అంటే కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. సూది గుచ్చుకుంటే దాచుకోకుండా సబ్బు నీళ్లతో కడుక్కొని వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల లోపే మొదలుకావాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. తిడతరని భయపడి దాచుకుంటే ఆ టైము పోతది. ఇక సికిల్ సెల్. 2023లో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద మన దగ్గర పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నరు. జబ్బు ఉన్న పిల్లలకు నీళ్లు తాగకుండా ఎండలో పని, విపరీతమైన చలి, బాగా అలసిపోవడం నొప్పులు తెప్పిస్తయి. అట్లని పనికి పనికిరారని కాదు. పోయే ముందు డాక్టర్‌ను అడిగి, ఎట్లాంటి పని, ఎట్లాంటి షిఫ్టు అని చూసుకొని పంపాలి.

నాలుగోది ప్రాణం. మా ఎలక్ట్రికల్ తమ్ముళ్లకు ముఖ్యంగా చెప్తున్న. లైన్ పని మీద తీసుకుపోయి "కొత్త పోరడు, ఎక్కుతడులే" అని స్తంభం ఎక్కమంటరు. ఎల్‌సీ తీసుకున్నరా లేదా, లైన్ ఎర్త్ చేసిన్రా లేదా అని నీ కళ్లతో చూడకుండా ఎక్కకు. చెట్లెక్కడం మనకు అలవాటే. కరెంటు స్తంభం చెట్టు కాదు. నేర్చుకోవడానికి పోయినోడివి, పక్కన తెలిసినోడు లేకుండా లైన్ ముట్టుకోవద్దు. 18 నిండని పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెప్తది. మన సెకండియర్ పిల్లలు చాలామంది 17 ఏళ్లవాళ్లే.

ఐదోది మాట. మా చెల్లె తల వంచుకొని నిలబడ్డది అన్నా కదా. మన ఇళ్లలో పెద్దోళ్ల ముందు తల వంచుకొని నిలబడటం మర్యాద. తెలియకపోతే ఊకుండి చూసి నేర్చుకుంటం. వేట, విత్తనం, ఇల్లు కట్టుడు అన్నీ అట్లనే నేర్చుకున్నం. బయట పనిలో ఊకుంటే "రాదు" అని లెక్క. మనం చేసే మర్యాద వాళ్లకు చేతకానితనం లెక్క కనిపిస్తది. మర్యాద వదిలేయమని నేను చెప్పను. "సార్, ఇది నాకు ఇంకా రాదు, ఒకసారి చూపించండి" అనే మాట నోటికి అలవాటు చేయాలి. క్లాసులో ఒకరు సిస్టర్‌గా, ఒకరు పేషెంట్‌గా, ఒకరు ట్రైనీగా నిలబడి వారానికి ఒక గంట చేస్తే చాలు. హిందీలో "దర్ద్ కహా హై", "బైఠియే" లాంటి పది ఇరవై మాటలు ఆ గంటలోనే వచ్చేస్తయి.

చివరిది హక్కు. ఓజేటీ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. ఓజేటీ చదువులో భాగం. అప్రెంటిస్‌షిప్ కోర్సు అయిపోయాక 1961 చట్టం కింద చేసేది. దానికి ఒప్పందం కాగితం ఉంటది, స్టైపెండ్ ఉంటది. 2019లో సవరించిన నిబంధనల్లో ఒకేషనల్ సర్టిఫికెట్ ఉన్నోళ్లకు నెలకు కనీసం 7000 రూపాయలు అని పెట్టిన్రు. అంతకు తక్కువ ఇస్తామంటే అడగండి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ట్రేడుల్లో సీట్ల రిజర్వేషన్ కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తది. "నువ్వు స్టాఫ్ కాదు కదా" అని ఎవడైనా అంటే అది అబద్ధం.

ఇవన్నీ లెక్చరర్ల మీద వేస్తే కాదని నాకు తెలుసు. చాలామంది గెస్టులుగా చేస్తున్నరు, వాళ్ల జీతాలే టైముకు రావు. అందుకే కాలేజీని, ఐటీడీఏని అడిగేది అడుగుదాం, మనం చేయగలిగేది మనం చేద్దాం.

మన గ్రూపులో పట్నంల, హన్మకొండల, ఖమ్మంల ఉద్యోగాలు చేసే అన్నలు, అక్కలు ఉన్నరు. ఒక్కొక్కరు ఒక్క పిల్లను, ఒక్క పిల్లగాణ్ని మీదేసుకోండి. డబ్బులు అడగట్లేదు. మొదటి రోజు గేటు దాకా తోడు పోండి. మూడో రోజు ఫోన్ చేయండి. వారానికి ఒకసారి కలిసి అన్నం తినండి. పదిహేను రోజులు దాటితే పిల్లలు వాళ్లే నిలబడతరు. నన్ను ఆ అన్న అట్లనే నిలబెట్టిండు.

మా చెల్లె ఇప్పుడు మళ్లీ పోతా అంటోంది. కాలేజీ ప్రిన్సిపాల్‌ను కలిసి మాట్లాడినం, ఈసారి రికార్డు పూర్తి చేసుకునే అవకాశం ఇస్తామన్నరు. బూట్లు కొన్నం. టీకా మొదటి డోసు వేయించినం. నేను వెంట పోతున్న. కానీ ప్రతి పిల్లకు వెంట పోయే అన్న ఇంట్లో ఉండడు కదా. ఆ లోటు గ్రూపు తీర్చాలి.

మీ ఊళ్లో ఒకేషనల్ సెకండియర్ పిల్లలు ఎవరున్నరో, ఏ కోర్సో, ఎక్కడికి పంపుతున్నరో అడ్మిన్ అన్నకు చెప్పండి. ఆడపిల్లల నంబర్లు గ్రూపులో పెట్టకండి, విడిగా ఇవ్వండి. మీరు ఏ పట్నంల ఉన్నరో కింద రాయండి. నా మాటల్లో తప్పులుంటే పెద్దలు సరిచేయండి.

జై ఆదివాసీ.