సత్తు గిన్నె, మిరియాల చారు

ముప్ఫయ్యారేళ్ళపాటు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఎందరో పిల్లలకు వర్గమూలాలు నేర్పాను. అటువంటి నాకు మొన్నమొన్నటివరకు చారు కాచడం రాదని చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పు లేదు. కాని నా ఈడు మగవారెవరైనా నవ్వదలచుకొంటే, ముందు తమ యింట్లో పోపుల డబ్బా ఏ అరలో వుంటుందో చెప్పి ఆ తరువాత నవ్వాలి.

క్రిందటి శ్రావణమాసంలో మా ఆవిడకు జ్వరం తగిలింది. డాక్టరుగారు వచ్చి చూశారు, రక్తపరీక్ష చేయించారు, భయపడనక్కరలేదన్నారు. "అయితే ఒంట్లో నీరు మాత్రం తగ్గకూడదు. గంజో, చారో, మజ్జిగో, ఏదో ఒకటి లోపలికి పోతూ వుండాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. రెండు రోజులు హోటలునుంచి కారియరు తెప్పించాను. అందులోని చారు ఒక్క చెంచా నోట పెట్టుకొని, గిన్నె అవతలికి నెట్టేసింది. మూడోనాటికి మంచినీళ్ళు కూడా వద్దంది. అప్పుడు వేసింది నాకు నిజమైన భయం.

బెంగుళూరులో వున్న అమ్మాయికి ఫోను చేశాను. "రాత్రి బండికి బయలుదేరి పొద్దున్నకల్లా వస్తాను నాన్నా. ఈ పూట మాత్రం ఎలాగైనా అమ్మచేత ఏదైనా తాగించు" అంది.

మంచం పక్కన కూర్చుని, "ఏమోయ్, ఏది చేసిపెడితే తాగుతావు?" అని అడిగాను. చేసిపెట్టడమనే మాట నా నోట విని ఆమె కళ్ళు తెరిచింది.

"మిరియాల చారైతే రెండు గుక్కలు తాగుతానేమో. మా అమ్మ సత్తు గిన్నెలో కాచినది" అని మళ్ళీ కళ్ళు మూసుకొంది.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. సత్తు అంటే కొన్నిచోట్ల అల్యూమినియం అనుకొంటారు. మా యింట్లో సత్తు గిన్నె అంటే తగరపు గిన్నె. మా అత్తగారు తన కాపురంలో వాడి, పెళ్ళినాడు సారెతోపాటు కూతురికి ఇచ్చిన వస్తువు. నలభై ఏళ్ళకు పైగా మా యింట్లో చారు అందులోనే కాగింది. తగరానికి చింతపండు పులుపు పట్టదు, ఇత్తడిలా చిలుమెక్కదు. ఆ గిన్నెలో కాగిన చారుకు వేరే రుచి వుంటుందని మా ఆవిడ నమ్మకం. నాకు తేడా తెలిసేది కాదు. వేరే గిన్నెలోది ఎప్పుడైనా తాగివుంటే కదా!

"చింతపండు ఎంత వెయ్యాలి?" అన్నాను, కాగితం కలం పట్టుకొని.

"నిమ్మకాయంత."

"నిమ్మకాయలన్నీ ఒక్క కొలత వుండవు కదా?"

"చిన్న నిమ్మకాయంత."

"ఉప్పు?"

"తగినంత."

"మిరియాలు?"

"కారం తెలిసేటంత."

జ్వరంతో వున్న మనిషితో వాదించడం భావ్యం కాదని వంటింట్లోకి వెళ్ళాను. తరువాత తూచి చూస్తే ఆ చిన్న నిమ్మకాయంత ఉండ 25 గ్రాములు తూగింది. నావంటి లెక్కలవాళ్ళకు పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

చింతపండు నానవేశాను. సత్తు గిన్నె కడిగాను. తడిగా వుంది గదా, ఆరిపోతుందని స్టౌ వెలిగించి గిన్నె దానిమీద పెట్టాను. ఇంగువ డబ్బా కోసం అరలన్నీ వెతకసాగాను. అది దొరికి వెనక్కు తిరిగేసరికి గిన్నె అడుగు కనబడలేదు! వెండి బొట్లలాంటివి బర్నరుమీదికి జారుతున్నాయి. గబగబా గ్యాసు ఆపాను. అప్పటికే సగం గిన్నె కరిగి ముద్దైపోయింది.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. లోపల నీళ్ళో చారో వున్నంతసేపు గిన్నె వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే నిలుస్తుంది కనుక దానికి ప్రమాదం లేదు. ఉత్త గిన్నెను మంటమీద పెడితే, సన్నని మంటయినా, దాని ఆయువు మూడినట్టే. ఈ శాస్త్రమంతా నేను పుస్తకాల్లో చదివినదే. కాని చదివినది ఒకచోట, గిన్నె పెట్టినది మరొకచోట. మా ఆవిడ నాకు ఈ ముక్క చెప్పలేదు. చెప్పవలసిన సంగతిగా ఆమెకు తోచివుండదు. ఏటిలో దిగేవాడికి నీళ్ళు తడిగా వుంటాయని ఎవరైనా చెబుతారా?

కాసేపు వంటింట్లో కొయ్యలా నిలబడిపోయాను. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ చేతి వస్తువు మా యింట్లో అదొక్కటే. నేను చేసిన ఘనకార్యానికి అదీ లేకుండాపోయింది. లోపలినుంచి దగ్గు వినబడింది. ఏడవడానికైనా టైము లేదు. ముద్ద చల్లారాక గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాను. ఒక స్టీలు గిన్నె దించి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ రోజు చేసినదీ, ఆ తరువాత పదిసార్లు చేసి దిద్దుకొన్నదీ కలిపి చెబుతాను. నలుగురికి సరిపోతుంది. చింతపండును గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, పిసికి, పిప్పి తీసి వడగట్టండి. మొత్తం నాలుగు గ్లాసుల నీళ్ళు వుండాలి. పండిన టమాటా ఒకటి చిదిమి వేసి, చిటికెడు పసుపు, చెంచాడు ఉప్పు, రెండు రెబ్బల కరివేపాకు వేసి పొయ్యిమీద పెట్టండి. పది నిమిషాలు మరగనివ్వండి. పచ్చి పులుపు వాసన పోవడమే గుర్తు. ఈలోగా చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రేకలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే చారు బురదలా వుంటుంది. నేను మొదటిరోజున నూరాను కాబట్టి చెబుతున్నాను. దంచినది వేశాక రెండు పొంగులు రానిచ్చి దించెయ్యాలి. ఇంకా మరిగిస్తే పైకి పోయేది ఆవిరి ఒక్కటే కాదు, కమ్మటి వాసన కూడా.

పోపు ఆఖరున. చెంచాడు నెయ్యి కాగాక ఆవాలు వెయ్యండి. ఆవగింజలో వుండే చెమ్మ ఆవిరై గింజను పగలగొడుతుంది, అదే చిటపట. అది తగ్గాక ఎండుమిరపకాయ, ఆపైన ఇంగువ. ఇంగువ సువాసన నీళ్ళలోకన్న నేతిలో బాగా దిగుతుంది కనుక దానిని నేతిలోనే వెయ్యాలి. పోపు చారులో పడగానే సుంయిమన్న చప్పుడు వస్తుంది. వెంటనే కొత్తిమీర చల్లి మూత పెట్టెయ్యండి. అంతే.

చారు మరుగుతుంటే నిలబడి ఆలోచించాను. ఎండుమిరపకాయ అమెరికా ఖండం పంట. పోర్చుగీసువారు రాకముందు మన దేశంలో ఎవరూ దానిని ఎరగరు. టమాటా కూడా అటునుంచి వచ్చినదే. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు, అయితే అది ఎంత పూర్వం వచ్చిందంటే అరబ్బులు దానిని "హిందూదేశపు ఖర్జూరం" అని పిలిచారు. ఇక మన సొంతమైన ఘాటు మిరియమే. అరవవారు మిరియాల నీళ్ళను "మిళగు తణ్ణీర్" అంటే, మద్రాసులో వున్న దొరలకు నోరు తిరగక "ముల్లిగటానీ" అన్నారు. మాంసమూ మరేవో చేర్చి సూపు పేరుతో తమ దేశం తీసుకొని పోయారు. దొరలు సముద్రాలు దాటించిన చారును నేను వంటింటి గడప దాటించడానికి నలభై ఏళ్ళు పట్టింది.

గ్లాసులో పోసి, ఊది, చల్లార్చి తీసుకెళ్ళాను. ఒక గుక్క తాగింది. ఇంకొకటి తాగింది. "మిరియాలు మెత్తగా నూరారా?" అంది. మళ్ళీ తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేవరకు నాకు ఊపిరి ఆడలేదు.

"ఏ గిన్నెలో కాచారు?"

అబద్ధం నాలుకమీదికి వచ్చింది. ఆ ముఖం చూశాక చెప్పలేకపోయాను. జరిగినదంతా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకొంది. చాలాసేపటికి, "చెయ్యి కాలలేదు కదా?" అని మాత్రం అడిగింది. కాలలేదన్నాను. నన్ను తిట్టివుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

ఉదయం అమ్మాయి వచ్చింది. వారంరోజులకు జ్వరం తగ్గింది. ఒకనాడు మా ఆవిడే అటకమీదినుంచి ఆ మూట దింపించి, ముద్దను చేతిలో పెట్టుకొని చూసింది. "పారెయ్యకండి. కళాయి వేసే అతనికి చూపించండి" అంది.

ఆ పనివాళ్ళు ఇప్పుడు బహు అరుదు. నాలుగు రోజులు వెతికితే గుడి వీధి చివర ఒక ముసలాయన దొరికాడు. ముద్దలోంచి పలచని ముక్క తీసి చెవిదగ్గర పెట్టుకొని వంచాడు. కీచుమంది. "తగరమే మాస్టారూ. సీసమైతే ఇలా పలకదు" అన్నాడు. మా యింటి పాత ఇత్తడి గిన్నెను కొలిమిలో కాల్చి, నవాసాగరం చల్లి, ఆ తగరాన్ని రాస్తూ దూదితో లోపలంతా తుడిచాడు. చూస్తూండగానే గిన్నె లోపల వెన్నెల పరుచుకొన్నట్టయింది.

కొత్తగా సత్తు గిన్నె కొనదలచినవారికి ఒక మాట: తగరంలో సీసం కలిపి అమ్మడం కద్దు, అది ఒంటికి విషం. నమ్మకమైన చోట, శుద్ధమైనదని తేల్చుకొని కొనండి. కొన్నాక ఉత్తది మంటమీద పెట్టకండి. కళాయి వేసినదైనా సరే, అదే నియమం.

ఇప్పుడు మా యింట్లో ఆదివారంనాడు చారు నా వంతు. అత్తగారి తగరం పూసిన ఇత్తడి గిన్నెలో కాస్తాను. మా ఆవిడ పీట వేసుకొని గడపలో కూర్చుంటుంది. నేను స్టౌ వెలిగించబోయేముందు ప్రతిసారీ ఒకటే మాట.

"ఏమండీ, నీళ్ళు పోశారా?"

పోశాననే జవాబు చెబుతాను. అయినా లేచి వచ్చి ఒకసారి తొంగి చూసి వెళుతుంది.