బొగ్గుల నిప్పు దగ్గరికి మళ్లీ

ఎదురులేని విజేత ఓడిపోతే మళ్లీ లేవగలడా? బాక్సింగ్ అభిమానులు తరతరాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. తరచూ ఓడేవాడికి ఓటమి అలవాటైపోతుంది. ఎప్పుడూ గెలిచేవాడికే అది కొత్త. అందుకే గొప్ప విజేతకు తగిలిన దెబ్బ ఒంటి మీద కన్నా పేరు మీద ఎక్కువగా పడుతుంది. నిన్నటిదాకా తనను చూసి భయపడినవాళ్లు ఈ రోజు జాలిపడుతుంటే అతడు తట్టుకోలేడు.

ఉత్తర తెలంగాణలోనే ఈ ప్రశ్నను ఎదుర్కొన్న ఆడబిడ్డ ఒకరున్నారు. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచింది. 2017లో భుజానికి గాయమై, శస్త్రచికిత్స జరిగి చాలాకాలం బరికి దూరమైంది. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్లే అవకాశం కోసం మేరీకోమ్‌తో తలపడి 9–1 తేడాతో ఓడింది. ఇక ఆమె పని అయిపోయిందనుకున్నారు చాలామంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మరోసారి ఆ కిరీటం గెలిచింది. తీరా 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో చైనా క్రీడాకారిణి వూ యూ చేతిలో ప్రిక్వార్టర్స్‌లోనే ఓడిపోయి, కన్నీళ్లతో దేశ ప్రజలకు క్షమాపణ చెప్పింది. ఓడినవారు క్షమాపణ చెప్పుకోవలసి రావడం మన కాలపు విషాదం. నిఖత్ అంతటితో ఆగలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో మళ్లీ స్వర్ణం అందుకుంది.

నిఖత్‌ది తక్కువ బరువు విభాగం. అన్నిటికన్నా పెద్దదైన హెవీవెయిట్ విభాగంలో ఇదే ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఒక పాస్టరుగారు. ఆయన పేరు జార్జ్ ఫోర్‌మన్.

ఫోర్‌మన్ 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. 1973 జనవరిలో అప్పటి చాంపియన్ జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకూల్చి ప్రపంచ కిరీటం లాక్కున్నాడు. 40 పోటీల్లో ఒక్క ఓటమి కూడా లేదు. 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో మహమ్మద్ అలీ ఎదుట నిలబడ్డాడు. అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ ఆయన్ను అలసిపోనిచ్చాడు. అంతకుముందు ఎనిమిది పోటీలనూ రెండు రౌండ్లలోపే ముగించిన ఫోర్‌మన్‌కు ఎక్కువసేపు పోరాడే ఓపిక లేకపోయింది. ఎనిమిదో రౌండులో కుప్పకూలాడు.

ఆ తరువాత ఆయన చేసిన పని మనందరం చేసేదే. సాకులు వెతుక్కున్నాడు. తాళ్లు వదులుగా ఉన్నాయన్నాడు. అంకెలు తొందరగా లెక్కపెట్టారన్నాడు. తాగిన నీళ్లలో ఏదో కలిపారని కూడా అన్నాడు. 1977 మార్చిలో జిమ్మీ యంగ్ చేతిలో మళ్లీ ఓడి డ్రెస్సింగ్ రూముకు వచ్చాడు. అక్కడ తాను మరణపు చీకటిలోకి జారిపోతుంటే యేసుక్రీస్తు తనను పట్టుకున్నాడని ఆయన జీవితాంతం సాక్ష్యమిచ్చాడు. బాక్సింగ్ మానేసి వీధి మలుపుల్లో సువార్త చెప్పాడు. హ్యూస్టన్‌లో చిన్న సంఘానికి కాపరి అయ్యాడు. యువకుల కోసం ఒక కేంద్రం నడిపాడు. దానికి డబ్బు చాలక పదేళ్ల తరువాత, 1987లో తిరిగి బరిలోకి దిగాడు. జనం నవ్వారు. 1991లో హోలీఫీల్డ్ చేతిలో, 1993లో మోరిసన్ చేతిలో ఓడాడు. 1994 నవంబరు 5న 45 ఏళ్ల వయసులో, అప్పటిదాకా ఓటమి ఎరుగని 26 ఏళ్ల మైఖేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. గెలిచిన వెంటనే మోకరించి ప్రార్థించాడు.

ఆ రాత్రి ఆయన ఏ నిక్కరు వేసుకున్నాడో గమనించాలి. ఇరవై ఏళ్ల క్రితం కిన్షాసాలో ఓడిన రోజు వేసుకున్న ఆ ఎర్ర నిక్కరునే తీసి వేసుకున్నాడు. ఒకప్పుడు సాకుల కింద దాచిన ఓటమిని లక్షలమంది చూస్తుండగా ఒంటి మీద ధరించి బరిలోకి వచ్చాడు. అప్పటికి అలీ ఆయనకు మంచి స్నేహితుడు కూడా. నా ఉద్దేశంలో ఫోర్‌మన్ తన ఓటమిని జయించింది మూరర్ పడిపోయిన క్షణాన కాదు, ఆ నిక్కరు వేసుకున్నప్పుడే.

పరిశుద్ధ గ్రంథంలో పేతురు కథ ఇదే మాట చెబుతుంది. శిష్యుల్లో ముందుండేవాడు పేతురే. అందరూ విడిచినా తాను విడువనన్నాడు. అదే రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ, ప్రభువెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు (యోహాను 18). పునరుత్థానం తరువాత తిబెరియ సముద్రతీరాన ప్రభువు శిష్యుల కోసం నిప్పుల మీద చేపలు కాల్చి సిద్ధం చేశాడు (యోహాను 21). మూలభాషలో ఈ రెండు మంటలకూ వాడిన మాట ఒకటే. బొగ్గుల నిప్పు అని దాని అర్థం. మన సింగరేణి బొగ్గు కాదు, కట్టెబొగ్గు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే కనిపిస్తుంది.

పేతురు ఏ వాసన మధ్య ఓడిపోయాడో అదే వాసన మధ్య ప్రభువు అతణ్ని కూర్చోబెట్టాడు. మూడు బొంకులకు మూడు ప్రశ్నలు అడిగాడు. ఎందుకలా చేశావని నిలదీయలేదు. అలాగని ఏమీ జరగనట్టు నటించనూ లేదు. గాయం ఉన్నచోటే చెయ్యి పెట్టాడు. గొర్రెలను మేపే పని కూడా అక్కడే అప్పగించాడు. పేతురు పడిపోకముందే ప్రభువు అతని కోసం ప్రార్థించి, తిరిగి లేచిన తరువాత సహోదరులను స్థిరపరచమని చెప్పాడని లూకా 22లో చదువుతాం. అంటే ప్రభువు ఆ ఓటమిని కూడా లెక్కలోకి తీసుకునే అతణ్ని పిలిచాడు.

ఇప్పుడు మన సంఘాల సంగతి చూద్దాం. బెల్లంపల్లి బొగ్గుబాయిల మీద బతికిన పట్టణం. బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఎన్నో కుటుంబాలు మందమర్రికీ, శ్రీరాంపూర్‌కీ, గోదావరిఖనికీ తరలిపోయాయి. మిగిలిన ఇళ్లలో అన్‌ఫిట్ అయిన తండ్రి ఉంటాడు. పోలీసు ఉద్యోగానికి రెండుసార్లు పరుగెత్తి తప్పిన కొడుకు ఉంటాడు. ఇంటర్ ఫెయిలైన కూతురు ఉంటుంది. 2019లో ఇంటర్ ఫలితాల తరువాత మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఓటమి ఒక బరిలోనో ఒక పరీక్షలోనో ఆగిపోదు. దానికి తోడు ఒంటరితనం చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

అలాంటి బిడ్డ ఆదివారం గుడికి వస్తే ఏం వింటుంది? ఉద్యోగం వచ్చినవాళ్ల సాక్ష్యం, సీటు వచ్చినవాళ్ల సాక్ష్యం, ఇల్లు కట్టినవాళ్ల సాక్ష్యం. అవన్నీ దేవుని మేలులే, చెప్పవలసినవే. ఓడినవారికి మాత్రం నోరు తెరిచే సందు దొరకదు. రెండు వారాలు వెనక బెంచీలో కూర్చుంటారు. మూడో వారం రారు. వాళ్ల విశ్వాసం చల్లారిందని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లకు తగిన చోటు మన ఆరాధనలో లేకుండా చేసింది మనమే.

విశ్వాసం ఉంటే గెలుపు ఖాయమని బోధించేవారు ఇక్కడ అభ్యంతరం చెప్పవచ్చు. ఫోర్‌మన్ కథను విజయ సందేశంగా మలచడం సులువే. కానీ ఆ కథ 1994తో ముగియలేదు. 1997 నవంబరులో ఆయన ఆడిన చివరి పోటీలో న్యాయనిర్ణేతలు షానన్ బ్రిగ్స్‌ను విజేతగా ప్రకటించారు. ఆయన లెక్కలో 76 గెలుపులు, 5 ఓటములు. చివరిది ఓటమే. అయినా 2025 మార్చిలో ఆయన కన్నుమూసేదాకా కాపరిగానే ఉన్నాడు. పేతురుకు కూడా ప్రభువు సుఖాన్ని వాగ్దానం చేయలేదు, అతడు పొందబోయే మరణాన్నే సూచించాడు. గెలుపు దేవుడు ఇస్తే వస్తుంది, రాకనూ పోవచ్చు. ఆయన కచ్చితంగా ఇచ్చేది ఒకటుంది. ఓడిన మనిషి తలెత్తుకుని తిరిగి రాగల చోటు. సంఘం అంటే ఆ చోటే.

బాయిలో సర్దార్ కప్పును కర్రతో తట్టి చెవిపెట్టి వింటాడు. డొల్ల శబ్దం వచ్చినచోట సపోర్టు పెట్టిస్తాడు. కాపరులూ పెద్దలూ చేయవలసిన పని అదే. పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో పాసైన ఇంటికన్నా ముందు ఫెయిలైన ఇంటికి వెళ్లండి. సలహాలు వద్దు, కలిసి భోజనం చేయండి. ప్రభువు కూడా ముందు చేపలు వడ్డించి, తరువాతే ప్రశ్నలు అడిగాడు. సాక్ష్యాల సమయంలో నెలకొక్కసారైనా, ఇంకా గెలవనివారికి, ఇంకా కనిపెట్టుకుని ఉన్నవారికి అవకాశం ఇవ్వండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఓడి వచ్చిన రోజు క్షమాపణ చెప్పవలసిన అవసరం లేని ఇల్లుగా మీ ఇంటిని ఉంచండి.

ఎదురులేని విజేత పాత ఓటమిని జయించగలడా? జయించగలడు. ఓటమి చోటు చేసుకున్న తావుకు ప్రభువుతో కలిసి తిరిగి వెళ్లే ధైర్యం ఉంటే తప్పక జయిస్తాడు. ఆ తావున అతనికన్నా ముందే నిప్పు రాజేసి, రొట్టె సిద్ధం చేసి, పేరు పెట్టి పిలవడానికి ప్రభువు కాచుకుని ఉన్నాడు. ఆమేన్.